షిఫ్ట్ అంటే ఏంది?

పోస్టు జర పొడుగైంది. రాత్రి భోజనం అయినంక తీరిగ్గా చదవండి. మధ్యలో ఆపితే అసలు సంగతి తెలవదు, ఎందుకంటే అసలు సంగతి చివరి దిక్కు ఉంది.

మేము గోదావరిఖనిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నం. రూముకు నలుగురం. ఒకడిది ఆసిఫాబాద్ దిక్కు గోండుగూడెం, ఒకడిది మణుగూరు దిక్కు కోయగూడెం, మిగిలిన ఇద్దరం మహాదేవపూర్ అడవి అంచున ఉండే నాయకపోడు పిల్లలం, అన్నదమ్ముల బిడ్డలం. నలుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఇంటికి పోతే ముసలోళ్లు "ఇంగ్లీషు వచ్చిందారా" అని అడుగుతరు. వచ్చింది అంటే అబద్ధం, రాలేదు అంటే వాళ్ల మొఖం చిన్నబోతది. అందుకే ఈ మధ్య ఒక జవాబు తయారుచేసుకున్నం: "ఒక మాట వచ్చింది తాతా, పూర్తిగా వచ్చింది."

ఆ మాటే షిఫ్ట్.

ఈ ఊర్లో అడుగుపెట్టినోడికి మొదట చెవిన పడే ఇంగ్లీషు మాట అదే. పొద్దున ఏడింటికి ఒక షిఫ్ట్, మధ్యాహ్నం మూడింటికి ఇంకోటి, రాత్రి పదకొండుకు మరోటి. గనిని బట్టి గంట అటూ ఇటూ ఉండొచ్చు. టీ కొట్టు షిఫ్ట్ చూసుకొని తెరుస్తరు. ఆటోలు షిఫ్ట్ చూసుకొని తిరుగుతయి. పెండ్లి పత్రిక ఇచ్చేటోడు కూడా "మీది ఏ షిఫ్ట్, ఎప్పుడు ఇంట్ల ఉంటరు" అని అడిగే వస్తడు. పగటిపూట కార్మికుల క్వార్టర్లలో పిల్లలు చప్పుడు చేయకుండ ఆడుకుంటుంటే నాన్న నైట్ షిఫ్ట్ దిగి పడుకున్నడని లెక్క. మేము వచ్చిన కొత్తలో హాస్టల్ పక్క గల్లీలో ఒక అమ్మ "మా ఆయన సెకండ్ షిఫ్ట్" అంటే, ఆ కుటుంబం రెండోసారి ఇల్లు మారిందేమో అనుకున్నం. మా గూడెంలో షిఫ్ట్ అంటే ఇల్లు మారుడు మాత్రమే.

సరే, నవ్వుకునే ముచ్చట ఇంకోటి. కిందటేడు పోటీ పరీక్షల మోడల్ టెస్టు ఒకటి రాసినం. అందులో షిఫ్టీ అనే మాటకు దగ్గరి అర్థం ఏది అని నాలుగు ఆప్షన్లు. కష్టపడి పనిచేసేవాడు అని ఒకటి ఉంది. మేము నలుగురం ఒకరినొకరం చూడకుండనే అదే పెట్టినం. షిఫ్టుకు పోయేటోడు కష్టపడేటోడే గదా! సరైన జవాబు నమ్మరానివాడు, కండ్లు తిప్పేటోడు అని. పేపర్ దిద్దినాయన ఆ ముచ్చట క్లాసులో చెప్పి అందరినీ నవ్వించిండు. మేమూ నవ్వినం. కానీ రూముకు వచ్చినంక నవ్వు రాలేదు. తప్పు చేసినందుకు కాదు. మాకు పుట్టి బుద్ధెరిగినంక తెలిసిన ఒక్క ఇంగ్లీషు మాట కూడా మాది కాకుండ పోయిందని.

అప్పటినుంచి పట్టుకున్నం దాన్ని. లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీస్తే ఒక్క షిఫ్ట్ కిందనే బారెడు రాసి ఉంది. జరుగు, జరుపు, మారు, మార్చు, పనివేళ, గేరు మార్చుట, కీబోర్డులో పెద్దక్షరాల మీట. ఆ మీటకు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసినప్పుడు మస్తు సంతోషపడ్డం. పాత టైప్‌రైటర్లలో అది నొక్కితే లోపలి భాగం నిజంగానే జరిగేది. జరిగితే పెద్దక్షరం కాగితానికి తగిలేది. ఇప్పుడు ఫోన్లో ఏదీ జరగదు, పేరు మాత్రం మిగిలింది.

నుడికారాలు చూస్తే ఇంకా తమాషా. తప్పు ఒకడు చేసి ఇంకొకడి నెత్తిన రుద్దితే దాన్ని నింద షిఫ్ట్ చేసుడు అంటరు. ఆట నడుస్తుండగా గోల్ పోస్టులు షిఫ్ట్ చేస్తే, ఒప్పుకున్న షరతును మధ్యలో మార్చినట్టు. కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరిగినోళ్లందరికీ ఈ నుడికారం విడిగా నేర్పాల్సిన పని లేదు. మొన్న అడిగిన కాగితం తీసుకొని పోతే ఇయ్యాల ఇంకో కాగితం అడుగుతరు. వాదంలో ఓడిపోతున్నప్పుడు మాట మారిస్తే తన నేలను షిఫ్ట్ చేసిండు అంటరు. ఎవరి ఆసరా లేకుండ తన బతుకు తాను చూసుకుంటే తనకోసం తాను షిఫ్ట్ అయిండు అన్నట్టు ఒక పాత వాడుక ఉంది. మేక్‌షిఫ్ట్ అంటే ఉన్నదానితో అప్పటికప్పుడు సర్దుకునేది: తాటాకు పందిరి, టార్పాలిన్ గుడిసె. రాత్రి షిఫ్టును శ్మశానం షిఫ్ట్ అని కూడా అంటరు. ఆ సంగతి తెలిసినంక మా పక్క గల్లీ అమ్మకు మాత్రం చెప్పలేదు.

ఇంకో వింత. ఒకప్పుడు ఇంగ్లీషులో ఆడవాళ్ల లోపలి బట్టను షిఫ్ట్ అనేటోళ్లు, మార్చుకునే బట్ట గనుక. 1907లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో సింజ్ రాసిన ఒక నాటకంలో పాత్ర నోట ఈ మాట వచ్చిందని జనం థియేటర్లో గొడవ గొడవ చేశారంట. ఇయ్యాల మన సెకండ్ షిఫ్ట్ బస్సులో ఆ మాట వందసార్లు వినబడుతది, ఎవరూ తల కూడా తిప్పరు.

పుట్టుక చూస్తే ఇంకా లోతు ఉంది. పాత ఇంగ్లీషులో దీని మొదటి అర్థం జరుగుడు కాదు. పంచుడు, వాటాలు వేసుడు, వరుసలో పెట్టుడు. స్వీడన్‌లో ఇప్పటికీ దీనికి చుట్టపు మాట స్కిఫ్టె ఉంది. 1827లో ఆ పేరుతోనే అక్కడ భూముల చట్టం వచ్చి, ముక్కలు ముక్కలుగా ఉన్న చేన్లను ఒకచోటికి చేర్చి పంచారు. దాంతో పాత ఊర్లు విడిపోయి చాలామంది ఇండ్లు కూడా జరిగినయి. పనివేళ అనే అర్థం మాత్రం పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వచ్చింది, అది కూడా గనుల పని నుంచే అని నిఘంటువులు చెప్తయి. అంతకుముందు అలసిన గుర్రాలను తీసి కొత్త గుర్రాలను కట్టుడును షిఫ్ట్ అనేటోళ్లు. జర్మన్‌లో షిఖ్ట్ అని దగ్గరి మాట ఉంది. దానికి రెండర్థాలు: గని కార్మికుడి పనివేళ ఒకటి, భూమిలో పొర ఇంకోటి. మన దగ్గర ఒకటో సీమ్, రెండో సీమ్ అంటరు చూడండి, ఆ పొర. ఇది తెలిసిన రోజు మా గోండు తమ్ముడు "అంటే ఈ మాట కూడా గనిలోనే పనిచేసి పైకొచ్చింది" అన్నడు. పేపర్ దిద్దినాయన మళ్లీ కనబడితే చెప్పాలని ఉంది: షిఫ్ట్ అంటే కష్టపడేటోడే అని మేము పెట్టినది పూర్తి తప్పు కాదు సార్, నాలుగు ఆప్షన్లలో లేని చరిత్ర.

(మైన్ అనే మాట గురించి కూడా రాయమని ఒక అక్క అడిగింది. గని అన్నా అదే, నాది అన్నా అదే. ఆ మాట మీద మొదలుపెడితే హాస్టల్లో కొట్లాట అయితది. ఇంకోసారి.)

ఇంతవరకు నవ్వులాట. ఇప్పుడు ఇదే మాట మన మీదికి ఎట్ల వస్తదో చూద్దాం.

బొగ్గు బెల్టులో షిఫ్టింగ్ అనే మాటకు ఒక ప్రత్యేకమైన చప్పుడు ఉంది. ఓపెన్‌కాస్ట్ వస్తుంది అంటే ఊరు షిఫ్ట్ అయితది అని అర్థం. ఎవరూ ఊరు పోతది అనరు. పేషెంటును వరంగల్‌కు షిఫ్ట్ చేసిండ్రు అంటే ఇంట్లోవాళ్లకు గుండె జారుతది, కానీ మాట మాత్రం మెత్తగ ఉంటది. సామాను షిఫ్టింగ్, ఆఫీసు షిఫ్టింగ్, ఊరు షిఫ్టింగ్, అన్నిటికీ ఒకటే మాట. ఇల్లు మారుడుకు ఇంగ్లీషోళ్లు ఎక్కువగా మూవ్ అంటరు, షిఫ్ట్ అనుడు మన దేశపు వాడుక. బహుశా అందుకే ఇక్కడ అది అంత మెత్తగైంది. బీరువాను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపినంత తేలిక అనిపిస్తది. బీరువాకు ఇప్పచెట్టు ఉండదు, పోచమ్మ గద్దె ఉండదు, పాతిపెట్టిన పెద్దలు ఉండరు. మాట మెత్తగ ఉంటే పని కూడా మెత్తగ జరిగినట్టు అనిపిస్తది, అదే మా అభ్యంతరం. కొత్త జాగల పక్కా ఇల్లు వచ్చి బాగుపడ్డోళ్లు లేరని కాదు. వాళ్లను కూడా అడగండి, "మేము షిఫ్ట్ అయినం" అంటరా, "మమ్మల్ని షిఫ్ట్ చేసిండ్రు" అంటరా? ఇంగ్లీషు గ్రామర్‌లో యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ అని చెప్తే మాకు మూడేండ్లు ఎక్కలేదు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో ఎక్కింది.

మంచి వైపు కూడా చెప్పాలి. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లు భూగర్భంలోకి దిగి పనిచేయకూడదు, ఉపరితలం మీద కూడా పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు వరకే అని ఉండేది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించింది. రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఉపరితల గనుల్లో, ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టుకు పోవచ్చు, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనుల్లో పగటిపూట భూగర్భంలోకి దిగొచ్చు అన్నది. మైనింగ్ డిప్లొమా చదివే చెల్లెళ్లు ఈ గ్రూపులో ఉన్నరు. వాళ్లకు షిఫ్ట్ అనే మాట అరవై ఏడేండ్ల తర్వాత తలుపు తీసింది. ఒకే మాట ఒకరిని ఊరి బయటికి పంపుతది, ఇంకొకరిని పనిలోకి రానిస్తది.

ఇక అసలు సంగతి. పోడు.

స్కూల్లో భూగోళం పుస్తకంలో పోడు వ్యవసాయం అని చదివినం. ఇంగ్లీషు మీడియంలోకి వచ్చినంక అదే షిఫ్టింగ్ కల్టివేషన్ అయింది. ఈశాన్య రాష్ట్రాల్లో ఝూమ్ అంటరు, కర్ణాటకలో కుమ్రి, మధ్యప్రదేశ్‌లో బైగాలు బేవార్ అంటరు. పరీక్షలో జతపరచండి అని వస్తది, మనం జతపరుస్తం, మార్కులు పడ్తయి. 1988 జాతీయ అటవీ విధానంలో కూడా ఈ మాటే ఒక పేరా తలకాయ మీద ఉంది, పర్యావరణానికి నష్టం అనే సందర్భంలో.

ఇప్పుడు ఆలోచించండి. తెలుగులో పోడు అనే మాటలో జరుగుడు ఎక్కడుంది? చెట్టుచేమ కొట్టి, ఎండబెట్టి, కాల్చి, వానకు ముందు విత్తనం వేసిన చేను పోడు. కండ్ల ముందు కనబడేది చేను. ఇంగ్లీషు మాటలో కనబడేది చేను కాదు, మనిషి. తట్టాబుట్టా నెత్తిన పెట్టుకొని ఇయ్యాల ఇక్కడ, రేపు అక్కడ తిరిగే మనిషి. నిజానికి పాత పద్ధతిలో కూడా జరిగేది చేను మాత్రమే. రెండు మూడేండ్లు జొన్నలు, సామలు, కందులు, అనుములు కలిపి వేసి, నేల అలసిపోగానే వదిలి పక్క ముక్కకు పోయేటోళ్లు. వదిలిన ముక్కలో అడవి మళ్లీ లేచినంక తిరిగి దానికే వచ్చేటోళ్లు. ఇప్పచెట్టును, తునికిచెట్టును కొట్టకుండ ఉంచేది అందుకే, మళ్లీ రావాలె గనుక. గూడెం అక్కడే, దేవుడు అక్కడే, చుట్టూ ముక్కలు వంతులవారీగా. అంటే పాత ఇంగ్లీషులో షిఫ్ట్‌కు ఉన్న అర్థమే నయం: వాటాలు వేసుడు, వరుసలో పెట్టుడు. ఆ అర్థంలో పిలిస్తే మాకు తకరారు లేదు.

ఈ మాట సరిగ్గా లేదని ఇంగ్లీషులో రాసేటోళ్లకు కూడా తోచింది. 1950ల నుంచి కొందరు మానవశాస్త్రవేత్తలు స్విడెన్ అనే ఒక పాత పల్లెటూరి ఇంగ్లీషు మాటను మళ్లీ బయటికి తీసి వాడుడు మొదలుపెట్టిండ్రు. దాని అర్థం కాల్చి సాఫు చేసిన నేల. అంటే మన పోడు మాట లెక్కనే, మనిషిని కాదు నేలను చూసే మాట. ఇంగ్లండ్ పల్లెల్లో కూడా ఒకప్పుడు అట్ల కాల్చి సాగు చేసినోళ్లు ఉన్నరు గనుకనే ఆ మాట వాళ్ల యాసలో మిగిలింది. కానీ మన ఆఫీసు కాగితాల్లోకి స్విడెన్ రాలేదు, షిఫ్టింగే ఉంది.

ఇంకో మాట ధైర్యంగా అంటం, కోపం చేసుకోవద్దు. బొగ్గును చూడండి. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని విలియం కింగ్ కనిపెట్టిండు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, మణుగూరు, భూపాలపల్లి. ఒక దగ్గర బొగ్గు అయిపోతే ఇంకో దగ్గరికి పోయింది. దాన్ని ఎవరూ షిఫ్టింగ్ మైనింగ్ అనలేదు. విస్తరణ అన్నరు. ఇది కంపెనీని తిట్టుడు కాదు, మా సగం మంది దోస్తుల ఇండ్లల్ల పొయ్యి ఆ జీతంతోనే వెలుగుతది. అడిగేది ఒక్కటే, రెండు మూడేండ్లకు ముక్క మార్చి మళ్లీ అదే ముక్కకు వచ్చేటోడు షిఫ్టింగ్ ఎట్ల అయిండు, మళ్లీ రాని గనికి ఆ పేరు ఎందుకు లేదు?

పైగా ఇప్పుడు మన దగ్గర చాలా చోట్ల పోడు అనేది పేరుకే పోడు. అదే చేను, అదే గట్టు, నాగలి, ట్రాక్టరు, ఏటా పత్తి, నడుమల కందులు. మా పెద్దనాయన ఊహ తెలిసినప్పటినుంచి దున్నేది ఒకటే ముక్క. జరిగింది ఏదైనా ఉంటే పత్తి ధర జరిగింది.

ఆ పెద్దనాయన గురించే ఈ పోస్టు. 2021 చివర్లో ఊరూరా పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఆయన కూడా పెట్టిండు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలైనప్పుడు మేము టీవీ ముందు కూర్చున్నం. నాలుగు లక్షల ఎకరాలకు పైగా అని సర్కారు లెక్క చెప్పింది. అందులో మా నాలుగు ఎకరాలు లేవు. అడగంగ అడగంగ ఈ మధ్య ఒక కాగితం చేతికి వచ్చింది. ఏ ఆఫీసు, ఎవరు అని ఇక్కడ రాయం, పని చెడుతది. కాగితం ఇంగ్లీషులో ఉంది. పెద్దనాయన ఫోటో తీయించి వాట్సాప్‌లో పంపిండు, "ఏం రాసిండ్రు బిడ్డా, చదివి చెప్పుండ్రి" అని. రూములో నలుగురం కలిసి చదివినం. ముఖ్యమైన వాక్యం ఒకటే: దరఖాస్తుదారు షిఫ్టింగ్ కల్టివేషన్ చేసేవాడు, ఒకచోట స్థిరమైన స్వాధీనం రుజువు కాలేదు.

తెలిసింది గదా. వాక్యం మొదటి సగమే రెండో సగానికి రుజువు. షిఫ్టింగ్ అన్నరు గనుక స్థిరం కాదు. ఒక మనిషి నలభై ఏండ్ల చెమటను ఒక్క విశేషణం తుడిచేసింది. ఆ విశేషణాన్ని ఎవరో దురుద్దేశంతో పెట్టిండ్రని మేము అనుకోవట్లేదు. పోడుకు ఇంగ్లీషులో ఏమంటరు అని గుర్తుచేసుకుంటే పుస్తకంలో చదివిన మాట వచ్చి ఉంటది. మాకు కూడా అదే వచ్చేది. మేము కూడా జతపరచండిలో మార్కులు తెచ్చుకున్నోళ్లమే.

చట్టం తీసి చూసినం. 2006 అటవీ హక్కుల చట్టంలో, క్లెయిమ్ ఫారంలో, సాగు దగ్గర ఉన్న మాట షిఫ్టింగ్ కాదు. సెల్ఫ్ కల్టివేషన్, సొంత సాగు. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ నేల స్వాధీనంలో ఉండాలె, నాలుగు హెక్టార్లకు మించొద్దు. రుజువుల జాబితాలో కాగితాలే కాదు, నేల మీద కనబడే గుర్తులు కూడా ఉన్నయి: గుడిసె, గట్టు, చెక్‌డ్యామ్ లాంటివి. దరఖాస్తుదారు కాని పెద్దమనుషులు చెప్పిన మాటను రాసుకుంటే అదీ రుజువే. శాటిలైట్ ఫోటోలు అదనపు ఆధారమే గానీ మిగతా రుజువుల స్థానంలో నిలబడవని 2012 సవరణ నియమాలు చెప్తయి. కాదన్నప్పుడు కారణం రాతలో ఇయ్యాలె. సబ్ డివిజన్ స్థాయి కమిటీ కాదంటే అరవై రోజుల్లోపు జిల్లా స్థాయి కమిటీకి పెట్టుకోవచ్చు.

దసరా సెలవుల్లో కాదు, మామూలు ఆదివారం పోయినం ఊరికి, బస్సు మారి మారి. పెద్దనాయన ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక రసీదు తీసిండు. 2003లో అడవిలో దున్నినందుకు జరిమానా కట్టిన రసీదు. దాచిపెట్టుకున్నది సిగ్గుతోటి. "ఇది చూపిస్తే జైల్లో ఏస్తరా" అని అడిగిండు. అందులో కంపార్ట్‌మెంట్ నంబరు ఉంది. 2021 దరఖాస్తులో కూడా అదే నంబరు ఉంది. పద్దెనిమిదేండ్ల తేడాతో రెండు కాగితాలు, ఒకటే జాగ. తప్పు చేసిండని రాసిన కాగితమే ఆయన కదలలేదని సాక్ష్యం చెప్తున్నది.

గ్రూపులో కొందరు అన్నలు అంటరు, మాటలతో పట్టాలు రావు, పోరాటంతో వస్తయి అని. జోడేఘాట్‌లో 1940లో కుమురం భీం ప్రాణం ఇచ్చింది డిక్షనరీ కోసం కాదు అని. నిజమే. మేము కాదనం. కానీ అదే దిక్కు మార్లవాయిలో 1943లో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టి, గోండి భాషలో వాచకాలు తయారుచేసిన సంగతి కూడా మన చరిత్రే. అప్పటి పిల్లలకు తమ మాటతో చదువు మొదలుపెట్టే వీలు కొన్నాళ్లయినా దొరికింది. మాకు దొరకలేదు. మా మాట మీద ఇంకొకరి మాట పడింది, దాన్ని మేమే బట్టీ కొట్టినం. ఇంకొందరు తమ్ముళ్లు అంటరు, ఈ నుడికారాలు మనకెందుకు, రోజుకు యాభై మాటలు బట్టీ కొడితే గ్రూప్స్ కొట్టొచ్చు అని. బట్టీ కొట్టండి, వద్దనం. మేమూ కొడుతున్నం. అయితే యాభై మాటలకు ఒక్కో అర్థం తెలిసినోడికి ఆ కాగితంలో ఏమీ కనబడదు. ఒక్క మాటకు ఇరవై అర్థాలు తెలిసినోడికే, అక్కడ ఇరవై ఒకటోది జొరబడిందని కనబడుతది. షిఫ్టీ అనే మాట తప్పు పెట్టి నవ్వులపాలు కాకపోతే మేము ఆ డిక్షనరీ తీసేటోళ్లం కాదు, కాగితం వచ్చినప్పుడు చదివి, "కాదన్నరు పెద్దనాయనా" అని ఫోన్లో చెప్పి ఊకునేటోళ్లం.

మా అర్జీ రెండు పేజీలు. తెలుగులో రాసి, ఇంగ్లీషు కూడా మేమే రాసినం, మా సార్ ఒకాయన తప్పులు దిద్దిండు. అందులో షిఫ్ట్ అనే మాట ఒక్కసారే వస్తది, వాళ్ల వాక్యాన్ని ఎత్తి చూపినప్పుడు. మిగతా అంతా సొంత సాగు. రసీదు నకలు, రెండు కాగితాల నంబర్లు పక్కపక్కన, గట్టు ఫోటో, తాతల నాటి ఇప్పచెట్ల లెక్క, పక్క గూడెం ముగ్గురు ముసలోళ్ల వాంగ్మూలం. వాళ్లలో ఒకాయన వేలిముద్ర వేసుకుంట "వాడు ఎక్కడికి పోయిండు? ఆడనే ఉన్నడు" అన్నడు. ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసినం. సార్ దాన్ని ఇంగ్లీషులో పెట్టబోయి ఆగిపోయిండు, ఇది ఇట్లనే ఉండనీ అన్నడు.

ఇంక గ్రూపుకు ఒక పని అడుగుతున్నం. మీ ఇండ్లల్ల కాదని వచ్చిన పోడు కాగితాలు ఉంటే తీయండి. ఇంగ్లీషు వాక్యం ఏం రాసి ఉందో చూడండి. ఈ మాట ఉంటే మాకు చెప్పండి, పేర్లు, నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, నేరుగా మెసేజ్ చేయండి. మా అర్జీ నమూనా పంపిస్తం. తారీఖు ముఖ్యం, కాగితం చేతికి వచ్చిన రోజును కవరు మీద రాసిపెట్టుకోండి. కోయ, గోండి, కొలామి, నాయకపోడు ఇండ్లల్ల పోడు ముక్కకు, వదిలేసిన ముక్కకు, మళ్లీ తిరిగొచ్చిన ముక్కకు వేరువేరు మాటలు ఉంటే ముసలోళ్లను అడిగి రాసి పంపండి. అవి ఒకచోట చేర్చాలని ఉంది. మా ఇంట్లో అడిగితే మా నానమ్మ వదిలేసిన ముక్కను "పండుకున్న చేను" అన్నది. నైట్ షిఫ్ట్ దిగి పడుకున్న మనిషిని కూడా మనం పనిలో లేడు అనం గదా.

మాకు అరవైలో పదకొండు రోజులు మిగిలినయి. సోమవారం పొద్దున మొదటి షిఫ్ట్ బస్సుకు పోయి అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకొని వస్తం. ముద్ర పడ్డంక ఫోటో పెడ్తం.